నూకరత్నం నీళ్లు చల్లిన గులాబీ

నేను ఒక గులాబీని. ఆగండి, ముక్కు దగ్గరికి తీసుకెళ్లకండి. మీరనే కాదు, నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతి మనిషీ మొదట చేసే పని అదే. వాసన రాకపోయేసరికి మొహం అదోలా పెట్టి, "ఓ, కాగితమా!" అంటారు. ఆ 'ఓ'లో బోలెడంత జాలి. కాగితమైతే జాలిపడటం దేనికో నాకిప్పటికీ అర్థం కాదు. చదువు కాగితాలు, ఇంటి కాగితాలు, పెళ్లి కాగితాలు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకునేది మీరే. నిజం పువ్వుల్ని సాయంత్రానికల్లా చీపురుతో ఊడ్చి అవతల పారేసేదీ మీరే. అయినా గౌరవం మాత్రం వాటికే!

పుట్టుకతో నేను గులాబీని కాను. రాజమండ్రిలో ఒక ఫ్యాన్సీ షాపులో, బొట్టుబిళ్లల అట్టలకూ పుట్టినరోజు బెలూన్లకూ మధ్య, ఎర్ర క్రేప్ కాగితం చుట్టగా చాలాకాలం పడి ఉన్నాను. ముడతలు ముడతలుగా ఉండి, లాగితే సాగే కాగితం చూశారూ, అదే నేను. షాపతను నన్ను స్కూలు వార్షికోత్సవాలకు తోరణంగా తప్ప పనికిరానిదాన్నని తేల్చేశాడు. ఒకరోజు హేమదుర్గ వచ్చి నన్ను తీసుకుంది. అప్పటికే ఎర్ర కాగితాలన్నీ పిండి పిండి చూసి, "ఇది బాగా సాగుతోందండి" అంది. నా జీవితంలో మొదటి మెచ్చుకోలు అది. ఉబ్బిపోయాను.

తీరా బస్సు దిగి చూస్తే కడియపులంక! ఆ ఊరి సంగతి మీకు తెలిసే ఉంటుంది. తెల్లారకముందే చామంతులు, బంతులు, లిల్లీలు గంపలకొద్దీ దిగే ఊరు. రోడ్డుకు అటూ ఇటూ నర్సరీలే. అలాంటి చోట కాగితం పువ్వులు చెయ్యాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా? హేమకు పుట్టింది. పోనీ ఆవిడ ఏ ఉద్యోగస్తుల ఇంటి కోడలో అయితే సరదా అనుకోవచ్చు. కాదు. సాక్షాత్తూ పూలకొట్టు నూకరత్నం కోడలు.

నన్ను చేసిన తీరు చెబుతాను వినండి, నాకు చెప్పుకోవడం ఇష్టం. హేమ కాగితాన్ని గుండె ఆకారంలో రేకలుగా కత్తిరించింది. రేక మధ్యలో రెండు బొటనవేళ్లూ పెట్టి మెల్లగా సాగదీస్తే దొప్పలా లోతు వచ్చింది. అంచుల్ని పెన్సిలుకు చుట్టి వదిలితే వెనక్కి ఒంపు తిరిగాయి. కాడకు కొబ్బరి ఈనె, దాని మీద ఆకుపచ్చ కాగితం చుట్టు, అతకడానికి గిన్నెలో ఉడికించిన మైదా జిగురు. ఇంట్లో లేనిది ఒక్క కాగితమే. మిగతావన్నీ వంటింట్లోంచీ చీపురు కట్టలోంచీ వచ్చినవే. నాకు ముందు చేసిన నాలుగైదు క్యాబేజీల్లా వచ్చాయి. నేను మాత్రం గులాబీలాగే వచ్చాను. గర్వం అనుకున్నా సరే, ఉన్నమాటే.

గ్రీటింగ్ కార్డులకైతే అట్ట కూడా కొనేది కాదు. పాత శుభలేఖలు పోగుచేసి, వెనకవైపు తెల్లగా ఉన్న భాగాన్ని కత్తిరించి, దాని మీద పువ్వులతికించేది. వచ్చిన చిక్కల్లా శుభలేఖ మీద ఉండే వినాయకుడితో. కత్తిరించడానికి చేతులు రావు, పారెయ్యడానికి భయం. అందుకని వినాయకుళ్లందరినీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేది. ఆ డబ్బా మూత పడక, పైన రోటి పొత్రం పెట్టింది. విఘ్నాలు తొలగించే దేవుళ్లు అంతమంది ఇంట్లో ఉండి కూడా ఆవిడ పనికి వచ్చిన విఘ్నాలు చూస్తే నాకు నవ్వొచ్చేది.

మొదటి విఘ్నం పేరు నూకరత్నం. పొట్టి మనిషి, పెద్ద గొంతు, నుదుటన రూపాయి కాసంత బొట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పూలలోనే ఉంది. మార్కెట్లో ఎవరికైనా సరుకు మీద అనుమానం వస్తే గంపెత్తుకుని ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. చామంతి కాడ గిల్లి, ముట్టుకుని, "మొన్నటిది. ఐసులో పెట్టి తెచ్చాడు నీకు" అని చెప్పేసేది. ఇక దానికి అప్పీలు లేదు. ఆవిడ మాటంటే అంత విలువ. ఆ విలువంటే ఆవిడకు ప్రాణం.

"ఏటే హేమా, పూలమ్ముకునేవోళ్ల ఇంట్లో కాగితాలు కత్తిరించుకుంటా కూకుంటే ఊళ్లో నవ్వరా?" అనేది రోజూ.

"నవ్వనివ్వండి అత్తయ్యా. నవ్వినోళ్లే వచ్చి కార్డులు కొనుక్కెళ్తన్నారు" అనేది హేమ, కత్తెర ఆపకుండా.

హేమ మొగుడు సూరిబాబు పూల గంపలు ఆటోలో తోలుకొచ్చేవాడు. వీళ్లిద్దరి మధ్య మాట పెరిగితే చాలు, అతనికి ఆటోలో ఏదో రిపేరు గుర్తొచ్చేది. వాకిట్లో ఆటో కింద దూరి పడుకునేవాడు. ఆటోకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు, ఆటోకూ తెలుసు.

నేను ఒక కార్డు మీద అతుక్కుని ఎదురింటి అమ్మాయి చేతికి వెళ్లాను. ఆ పిల్ల నన్ను టీచర్ల దినోత్సవం నాడు సుభాషిణి టీచరుగారికి ఇచ్చింది. టీచరుగారు కూడా మామూలుగానే ముక్కు దగ్గర పెట్టుకుని, "ఓ, కాగితమా!" అన్నారు. కానీ ఇంటికెళ్లాక వింత జరిగింది. ఆవిడ కూతురు లిఖిత పురిటికని పుట్టింటికి వచ్చి ఉంది. ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ పూల వాసన పడదు. మల్లెపూలు నాలుగు గదిలో ఉంటే చాలు, తుమ్ములు మొదలై, ఆయాసంతో పిల్లికూతలు పట్టుకుంటాయి. కడియపులంకలో పుట్టి పూలు పడకపోవడమంటే ఏం చెప్పాలి! ఆ అమ్మాయి నన్ను జడలో పెట్టుకుని అద్దంలో అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది. "అమ్మా, నేను జన్మలో మొదటిసారి పువ్వు పెట్టుకున్నాను" అంది. టీచరుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, నాకూ తిరిగేవే గానీ, నీళ్లు నాకు పడవు.

కార్తీకమాసంలో లిఖితకు సీమంతం. సీమంతమంటే పూలజడ ఉండాలి. డాక్టరేమో, ఈ స్థితిలో ఆయాసం వస్తే మంచిది కాదు, పూల దరిదాపులకు కూడా పోవద్దని గట్టిగా చెప్పింది. టీచరుగారు నన్ను కార్డు మీంచి ఊడదీసి, పట్టుకుని సరాసరి హేమ దగ్గరికి వచ్చారు. "అమ్మా హేమా, జడ మొత్తం ఇలాంటి పూలతోనే కావాలి. చూసినవాళ్లకు కాగితమని తెలియకూడదు. తెలిస్తే వాళ్ల అత్తగారు ఒప్పుకోరు" అన్నారు.

అలా నేను పుట్టింటికి తిరిగొచ్చాను. హేమ సంతోషం పట్టలేక ఆ సాయంత్రమే అత్తగారిని ఒక మాట అడిగింది. మార్కెట్లో నూకరత్నానికి ఒక బల్ల ఉంది. అందులో సగం తనకిస్తే కార్డులూ కాగితం పూలూ పెట్టుకుంటానంది. నూకరత్నం నోట్లో వక్కపలుకు అటు నుంచి ఇటు మార్చింది.

"ఈ సీమంతం అవనీ. నలుగురూ బాగుందంటే సగం బల్ల నీది. లేదంటే ఆ కత్తెర అటకెక్కించెయ్యాలి. మళ్లీ కాగితం ముట్టుకోకూడదు. సరేనా?"

"సరేనండి" అంది హేమ. ఆటో కిందున్న సూరిబాబు అది విని ఇంకాస్త లోపలికి జరిగాడు.

హేమ ఆ రోజుల్లో తిండి కూడా కత్తెర పక్కన పెట్టుకునే తింది. తెల్ల కాగితంతో మల్లెమొగ్గలు, మధ్యలో ఎర్ర గులాబీలు, అంచుకు కనకాంబరాలు. నన్ను ఎదురుగా పెట్టుకుని చూసి చేసేది. నాకు గురువు హోదా వచ్చినంత పనైంది. సీమంతం ముందురోజుకు జడ పూర్తయింది. జిగురు పచ్చిగా ఉంది, గాలి తగలాలి. ఇంట్లో వేరే చోటు లేక, అత్తగారి పాత వెదురుబుట్ట ఒకటి తీసుకుని, జడను అందులో చుట్టగా పెట్టి, పైన మిగిలిన పూలతో పాటు నన్నూ పెట్టి, పల్చటి గుడ్డ కప్పి వసారాలో ఉంచింది. ఆ వసారా అరుగు మీద ఏళ్ల తరబడి పూలగంపలు తప్ప మరొకటి పెట్టలేదన్న సంగతి అలసటలో ఆమెకు తట్టలేదు.

తెల్లవారుజామున నూకరత్నం లేచింది. కొప్పు ముడేసుకుంటూ, ఆవులిస్తూ, చెంబుతో వసారాలోకి వచ్చింది. బుట్ట మీద గుడ్డ తీసింది. మసక వెలుతురులో మమ్మల్ని చూసి, "వీడి మొహం మండ, పూలు దింపేసి నీళ్లు చల్లకుండా పోయి తొంగున్నాడు" అని కొడుకును తిట్టుకుంది. తర్వాత గొంతు మార్చేసింది. ఇంట్లో మనుషులతో ఎప్పుడూ మాట్లాడని గొంతు అది. "ఎంత బాగున్నారే తల్లుల్లారా! ఏ తోటలోవి మీరు? ఉండండి, వాడిపోకుండా..." అంటూ అరచేతిలోకి నీళ్లు వంచుకుని మా మీద చల్లింది. ఒకసారి కాదు, అలవాటు ప్రకారం బాగా తడిసేదాకా.

క్రేప్ కాగితం మీద నీళ్లు పడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? నా ఎరుపంతా కారి మల్లెమొగ్గల మీదికి పాకింది. రేకలు మెత్తబడి వాలిపోయాయి. ఆవిడ మమ్మల్ని సర్దబోయి చెయ్యి పెడితే వేళ్లన్నీ ఎర్రగా అయ్యాయి. ఆ వేళ్లను చూసుకుంది. నన్ను పట్టి చూసింది. కాడ గిల్లింది, లోపల కొబ్బరి ఈనె తగిలింది. "ఓరి నాయనో!" అని అక్కడే చతికిలబడిపోయింది.

హేమ లేచి వచ్చి చూసింది.   బుట్ట ముందు కూర్చుని, తడిసిన జడను ఎత్తి, ముద్దముద్దగా జారిపోతుంటే మళ్లీ బుట్టలో పెట్టేసింది. "ఎవరు?" అంది. నూకరత్నం ఎర్రటి వేళ్లను కొంగులో దాచుకుంది. ఆ అలికిడికి లేచొచ్చిన సూరిబాబు ఒకసారి బుట్టను, ఒకసారి తల్లి చేతిలో చెంబును చూశాడు. "అమ్మా, నువ్వేనా?" అన్నాడు.

"నేనే. అయితే ఏటంట?" అంది నూకరత్నం గడ్డం పైకెత్తి.

చూశారా మనిషి తీరు! ఒక్క మాట, 'నిజం పూలనుకున్నాను' అంటే సరిపోయేది. అనలేదు. పూల నూకరత్నం కాగితాన్ని చూసి పువ్వనుకుందంటే మార్కెట్లో తలెత్తుకోగలదా? దానికన్నా కోడలి మీద కుళ్లుతో నీళ్లు పోసిన అత్తగా మిగలడమే ఆవిడకు నయమనిపించింది. గయ్యాళి అత్త అంటే లోకంలో మామూలే. కళ్లు మోసపోయిన పూలమ్మి అంటే పరువు తక్కువ.

హేమ లోపలికెళ్లి కత్తెర, జిగురు గిన్నె, మిగిలిన కాగితాలు అన్నీ ఒక సంచిలో కుక్కేసింది. "అటకెక్కించెయ్యండి. మీ పంతం నెగ్గిందిగా" అని మొగుడికిచ్చింది. 

కబురు తెలిసి సుభాషిణి టీచరుగారు పరుగున వచ్చారు. ఆవిడ వెనకే వీధిలో సగం మంది ఆడవాళ్లు. చూడటానికే వచ్చారనుకోండి. టీచరుగారు బుట్ట చూసి కూలబడ్డారు. "పదింటికి ముహూర్తమమ్మా. జడ లేదంటే వాళ్ల అత్తగారు ఊరుకోరు. ఎందుకైనా మంచిదని ఆవిడ మల్లెపూలు తెచ్చే పెట్టారు. 'నాలుగు మూరలకే ఏమైపోతుంది, ఒక్క గంట ఓర్చుకోలేవా' అంటున్నారు. దానికి ఊపిరాడదమ్మా. కడుపుతో ఉన్న పిల్ల..." అంటూ ఏడ్చేశారు.

"నా వల్ల కాదు టీచరుగారూ" అంది హేమ. "నా చేతులు చచ్చుబడిపోయినట్టున్నాయి. నా ఇంట్లోవాళ్లకే నా పని అంటే ఇంత అసహ్యమైతే, ఇంకెవరి కోసం చెయ్యను?"

వీధి ఆడవాళ్లందరూ నూకరత్నం వైపు తిరిగి ముక్కున వేలేసుకున్నారు. నూకరత్నం టీచరుగారిని చూసింది. కోడలి చేతుల్ని చూసింది. కొంగులోంచి ఎర్రటి వేళ్లు బయటికి తీసింది. 

"ఇటు వినండే అందరూ," అంది. "నేను కుళ్లుతో పొయ్యలేదు. పూలనుకున్నాను. నిజం పూలనుకుని, వాడిపోతాయని నీళ్లు చల్లాను. ఇంత బతుకు బతికి, కాగితాన్ని పట్టుకుని ఏ తోటలోవే తల్లీ అని అడిగాను. చాలా? ఇప్పుడు నవ్వుకోండి."

 మజ్జిగమ్మే సీతయ్యమ్మ కిసుక్కున నవ్వింది, దాంతో వీధంతా గొల్లుమంది. "పూల నూకరత్నానికే పువ్వు తెలీలేదంటే!" అని ఒకరంటే, "కళ్లజోడు పెట్టించరా సూరిబాబూ!" అని ఇంకొకరు. నూకరత్నం చెవులు ఎర్రబడ్డాయి. హేమ మాత్రం నవ్వలేదు. అత్తగారి మొహంలోకి చాలాసేపు చూసి, లేచి, సూరిబాబు చేతిలో సంచి లాక్కుంది.

"తెల్ల కాగితం లేదు," అంది. టీచరుగారు గబుక్కున లేచి, భోజనాలకు తెప్పించిన చేతులు తుడుచుకునే కాగితాల కట్టలు తెప్పించారు. హేమ ఒక ముక్క చింపి, కొసను వేళ్లతో మెలితిప్పి మల్లెమొగ్గ చేసి చూపించింది.

"ఓస్, వత్తులే కదే!" అంది నూకరత్నం.

కార్తీకమాసం కదా, వీధిలో ఆడవాళ్లందరి వేళ్లూ అప్పటికే వత్తులు చేసి చేసి ఉన్నాయి. నవ్వడానికి వచ్చినవాళ్లు అందరూ కూర్చుని మొగ్గలు మెలితిప్పడం మొదలుపెట్టారు. బుట్ట అడుగున పాడవకుండా మిగిలిన గులాబీలు హేమ సరిచేసింది. మొగ్గలన్నిటినీ దారం మీద కట్టినది నూకరత్నమే. మూరలు కట్టే చెయ్యి, చూపు అక్కర్లేదు దానికి. ముహూర్తానికి జడ అందింది.

నేను మాత్రం వెళ్లలేదు. రంగు కారిపోయి, ఒక పక్కకు వాలిపోయి, పెళ్లికి పిలవని చుట్టంలా అరుగు మీదే ఉండిపోయాను. సీమంతం బ్రహ్మాండంగా జరిగిందని వాళ్లు తిరిగొచ్చి చెప్పుకుంటుంటే విన్నాను. లిఖితకు ఒక్క తుమ్ము కూడా రాలేదట. వాళ్ల అత్తగారు జడను చూసి, "మల్లెపూలు పెట్టుకుంటే ఏమైందమ్మా? అంతా మీ అనుమానం" అన్నారట. టీచరుగారు నోరు మూసుకుని తల ఊపారట.

సాయంత్రం అరుగు మీద అత్తాకోడళ్లిద్దరే ఉన్నారు. హేమ మెల్లగా అడిగింది. "అత్తయ్యా, నిజం చెప్పండి. కోపంలోనే పోశారు కదూ? తర్వాత నా మొహం చూడలేక, అందరి ముందూ మీ పరువు తీసుకుని పూలనుకున్నానన్నారు. అవునా?"

నూకరత్నం తెల్లబోయింది. నిజం చెప్పి నవ్వులపాలైన మనిషికి, ఆ నిజాన్ని అబద్ధమని నమ్మేవాళ్లు దొరికారు! నేను కాడ బిగబట్టుకుని చూస్తున్నాను. చెప్పెయ్యి, ఇంకొక్కసారి చెప్పెయ్యి అనుకుంటున్నాను. ఆవిడ వక్కపలుకు నోట్లో వేసుకుంది, నమిలింది.

"మరి? కాగితానికీ పువ్వుకీ తేడా తెలీకుండానే ఇన్నాళ్లూ కొట్టు నడిపాననుకున్నావేటే?" అంది.

హేమ అత్తగారి భుజం మీద తలపెట్టి ఏడ్చింది. తను చెయ్యని తప్పుకు మన్నింపు దొరికింది నూకరత్నానికి. చేసిన పొరపాటు మాసిపోయింది. ఇంతకన్నా లాభసాటి బేరం ఆవిడ మార్కెట్లో ఎప్పుడూ చేసి ఉండదు.

మర్నాడే సగం బల్ల హేమదైంది. హేమ అంతటితో ఊరుకుందా? నూకరత్నాన్ని ఎవరైనా ఏడిపించబోతే చాలు, "మా అత్తయ్యకి తెలీకపోవడమేంటండి! నా పని నిలబెట్టడానికి అలా చెప్పారు, అంతే" అని అందరికీ నచ్చజెప్పింది. మార్కెట్టంతా నూకరత్నం మంచితనాన్ని మెచ్చుకుంది. చామంతి గంపలు మళ్లీ ఆవిడ దగ్గరికే తీర్పుకు వచ్చాయి. లిల్లీలమ్మే వీర్రాజు అయితే హేమ పూలను ఒకసారి అటూ ఇటూ తిప్పి, "బానే ఉన్నాయి గానీ, ఎంతైనా కాగితం కాగితంలాగే ఉంటుందమ్మా. మీ అత్త మంచిది కాబట్టి అంత మాట అంది" అని పెట్టేసి పోయాడు. హేమ నవ్వి ఊరుకుంది. నూకరత్నం మొహం తిప్పుకుని, తడవాల్సిన అవసరం లేని చామంతుల మీద మళ్లీ నీళ్లు చల్లింది.

నేనిప్పుడు ఆ బల్ల మీదే ఉంటాను, నూకరత్నం వైపు, తూకం రాళ్ల పక్కన. పాడైపోయిన పువ్వును ఎందుకు పెట్టుకున్నారని హేమ అడిగితే "ఉండనీ, నీకేం అడ్డం?" అంది. నీళ్లు చల్లేటప్పుడు నన్ను తీసి బొడ్లో దోపుకుంటుంది. మొన్న ఒకరోజు బేరాలు పల్చబడ్డాక నన్ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో రేకనీ విప్పి చూసింది. అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని, "నన్నే మోసం చేశావు కదే ముండా" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్న మెప్పుకు ఏ పోటీలో ఇచ్చే బహుమతీ సాటిరాదు. అది వినాల్సింది నేను కాదు, హేమ. హేమ అప్పుడు బల్లకు ఆ చివర, ఎవరో స్కూలు పిల్లలకు కార్డులు చూపిస్తోంది.